బోనం పుట్టింది ఎవరి పొయ్యి మీద?

ఆషాఢం రాంగనే ఫోన్లల్ల ఒకటే మెసేజ్ తిరుగుతది. 1813ల హైదరాబాద్‌కు మహమ్మారొచ్చింది, ఉజ్జయిని అమ్మవారికి మొక్కిన్రు, గప్పటిసంది బోనాలు మొదలైనయ్ అని. చదివినోళ్లు చదివినట్టే ఇంకో పదిమందికి పంపుతరు. ఇండ్ల నిజమెంత, కథెంత? ఓసారి ఏరి చూద్దాం.

కథ గిది. సూరటి అప్పయ్య అనే డోలీ మోసేటాయన పటాలంతోటి ఉజ్జయినికి పోయిండట. ఇక్కడ రోగంతోటి జనం రాలుతున్నరని తెలిసి, ఆ రోగం పోతే సికింద్రాబాద్‌ల గుడి కడతనని మహంకాళికి మొక్కిండట. తిరిగొచ్చినంక 1815ల కట్టె విగ్రహం నిలబెట్టిండని చెప్తరు.

ఆ రోగం ఏందని అడిగితే కొందరు గత్తర అంటరు, కొందరు ప్లేగు అంటరు. రెండూ ఒక్కటి గాదు. గత్తర ఖరాబు నీళ్లతోటి వస్తది, ప్లేగు ఎలుకల నుంచి అంటుతది. దేశమంతా పాకిన పెద్ద గత్తర బెంగాల్‌ల మొదలైంది 1817ల. అట్లని అంతకుముందు మన దిక్కు ఏ రోగం రాలేదని కాదు. కానీ రోగం పేరే ఒక్కతీరు లేనప్పుడు దాన్ని పెద్దలు చెప్పిన కథ లెక్క వినాలె, రికార్డు లెక్క కాదు.

సరే, కథ మొత్తం నిజమే అనుకుందాం. అది చెప్పేది ఒక గుడి పుట్టుక. బోనం పుట్టుక వేరే ముచ్చట. బోనం అంటే భోజనం. తల్లికి పెట్టే బువ్వ. పోచమ్మకు, మైసమ్మకు, ఎల్లమ్మకు ఊరూరా పెడతరు. అన్ని ఊర్లల్ల ఆషాఢంలనే చెయ్యరు, కొన్ని దిక్కుల శ్రావణంల చేస్తరు. కొమురవెల్లి మల్లన్నకైతే సంక్రాంతి దాటినంక జాతరల బోనాలెత్తుతరు. అంతా ఒక్క సికింద్రాబాద్ మొక్కు నుంచే పుట్టి ఉంటే ఇన్ని నెలలు, ఇంతమంది దేవతలు ఎక్కడికెళ్లి వచ్చిన్రు?

పట్టింపు దేనికంటే, పండుగ పుట్టుకను దూరపు గుడికి ముడిపెడితే దగ్గరి చేతులు మాయమైతయ్. కుండ చేసిన కుమ్మరి, బెల్లపన్నం వండి నెత్తికెత్తుకున్న ఆడోళ్లు, కల్లు తెచ్చిన గౌడు, యాటను మొక్కిన ఇల్లు, ఎవరూ ఆ మెసేజ్‌ల ఉండరు. రేపు ఎవరన్న వచ్చి కల్లు సాక వద్దు, యాట వద్దు, ఇవన్నీ నడుమొచ్చినయ్ అంటే ఏం జవాబు చెప్తం? చరిత్ర ఎవరి చేతులుంటే పెత్తనం వాళ్లదే.

మన దిక్కు కథలను గూడ గిట్లనే జల్లెడ పట్టాలె. వేల ఏండ్ల సంది ఒక్క మెతుకు మారలేదని మనోళ్లు గూడ గొప్పగ రాస్తరు. మరి పండుగ నాడు వండే యాట కూరల ఎర్ర కారం ఎక్కడిది? మిరపకాయ అమెరికా ఖండం పంట. 1498ల వాస్కోడగామా కాలికట్‌ల దిగినంకనే పోర్చుగీసోళ్ల ఓడలల్ల మన దేశానికొచ్చింది. టమాట గూడ ఆ ఖండందే. మట్టికుండల జాగల ఇత్తడి బిందెలు, స్టీలు గిన్నెలు వచ్చుడు మన కండ్ల ముంగటే చూసినం. మారుడు తప్పు గాదు. మారలేదనుడే అబద్ధం.

ఎవరి నమ్మకాన్నీ ఇడిచిపెట్టమని అంటలేను. మొక్కు మొక్కే, తారీఖు తారీఖే. రెంటినీ కలిపితే రెండూ ఖరాబైతయ్.

తమ్ముళ్లు, చెల్లెండ్లు, ఈసారి మెసేజ్ పంపే ముందు మీ నాయనమ్మ పక్కకు కూసోండ్రి. మనూర్లె బోనం ఏ నెలల తీసేటోళ్లు, కుండ ఎవరిచ్చేటోళ్లు, ఏ బియ్యం వండేటోళ్లు, గుడి కాడికి ఎవరిని రానిచ్చేటోళ్లు, ఎవరిని ఆపేటోళ్లు, అన్నీ అడగండ్రి. ఫోన్‌ల రికార్డు చేసి ఊరి పేరు, తారీఖు రాసి పెట్టుండ్రి. 2014ల బోనాలు రాష్ట్ర పండుగైనయ్, మంచిదే. కానీ మన ఊరి బోనం చరిత్ర ఇంకా అవ్వల నోట్లనే ఉన్నది. వాళ్లు పోతే మనకు మిగిలేది ఆ మెసేజే.