చప్పుడు తగ్గితే తాళం తగ్గుతుందా?

రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకుందని మన పెద్దలు ఒక సామెత చెబుతారు. "నన్ను ఒక వైపే దంచుతున్నారు" అని రోలు ఏడిస్తే, "నాకు రెండు వైపులా వాయింపే" అని మద్దెల బదులిచ్చిందట. అభన్‌పూర్‌లో డ్రమ్స్ నేర్చుకుంటున్న మా నలుగురి పరిస్థితీ ఆ మద్దెలదే. ఇంట్లో వాయిస్తే పక్కింటివాళ్లు తలుపు తడతారు. పాఠశాలలో వాయిస్తే పక్క తరగతి నుంచి కబురు వస్తుంది. వాళ్ల మీద మాకు కోపం లేదు. వాళ్లు అడిగేది న్యాయమే. కానీ వాయించకపోతే చెయ్యి కుదరదు, చెయ్యి కుదరకపోతే తాళం రాదు. అందుకే ఈ విషయం మీద మా అభిప్రాయాన్ని మిత్రులందరి ముందు ఉంచుతున్నాం.

మా ఊరు చప్పుడుకు కొత్త కాదు. రాయ్‌పూర్ నుంచి ధమ్‌తరీ వెళ్లే పెద్ద రోడ్డు మీద ఉంది అభన్‌పూర్. ఇక్కడి నుంచే రాజిమ్‌కు దారి చీలుతుంది. మాఘ పూర్ణిమ నుంచి మహాశివరాత్రి దాకా రాజిమ్ మేళాకు వెళ్లే జనం మా ఊరి మీదుగానే వెళ్తారు. ఫాల్గుణం రాగానే ఫాగ్ పాటలు, నగాడాలు మొదలవుతాయి. డిసెంబరు 18న గురు ఘాసీదాస్ జయంతికి మాందర్ దరువు మీద పంథీ నృత్యం చేస్తారు. పెళ్లి ఊరేగింపులు సరేసరి. ఈ దరువులు మాకు ఇష్టం. తెలుగు ఇళ్లలో పుట్టి డప్పు, కోలాటం గురించి వింటూ పెరిగిన మాకు చేతులు ఊరుకోకపోవడానికి ఇవి కూడా కారణమే. చిక్కు ఎక్కడంటే, ఈ పండుగలూ పెళ్లిళ్లూ బోర్డు పరీక్షలూ ఒకే రెండు నెలల్లో వచ్చి పడతాయి.

ఒక ఉగాది సాయంత్రం జరిగిన సంగతి చెబుతాం. మా ఊళ్లో ఉన్న కొద్దిపాటి తెలుగు కుటుంబాలు ఏటా ఒకరి మేడ మీద కలుస్తాయి. ఉగాది పచ్చడి, పంచాంగ శ్రవణం, పిల్లల పాటలు, చివర కోలాటం ఉంటాయి. 2024లో మేము పెద్ద డ్రమ్ సెట్ అద్దెకు తెచ్చాం. రాత్రి ఎనిమిదిన్నరకు ఎదురింటి అంకుల్ వచ్చి, "బేటా, ఇంట్లో నెలల పాప ఉంది" అని చేతులు జోడించారు. కార్యక్రమం అక్కడితో ఆపేశాం. ఆ రోజు మాకు చిన్నతనంగా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, మా తాతగారు పంచాంగం చదువుతుంటే వెనక వరుసలోని మామ్మలకు కూడా ఏమీ వినపడలేదని తెలిసింది. మా చప్పుడు ఎదురింటివారికే కాదు, మా వాళ్లకూ అడ్డమే అయింది.

మరుసటి ఏడాది, 2025 మార్చి 30న ఉగాది. అభన్‌పూర్ నుంచి రాయ్‌పూర్‌కు మెము రైలు ప్రారంభమైందీ ఆ రోజే. ఒకప్పుడు చిన్న పట్టాల బండి నడిచిన ఊరికి పెద్ద పట్టాల బండి వచ్చిందని ఊరంతా అదే మాట. మా మేడ మీద మాత్రం ఇంకో మార్పు జరిగింది. ఆర్కెస్ట్రాలో వాయించే ఒక అన్నయ్య దగ్గర ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్ అరువు తెచ్చుకున్నాం. ఒక చిన్న స్పీకరు పెట్టి, ముందు పాడేవాళ్ల గొంతు చూసుకుని, దానికి కొంచెం తక్కువగా డ్రమ్స్ శబ్దం సర్దాం. పక్క మేడలో పన్నెండో తరగతి అక్కకు పరీక్షలు ఇంకా ముగియలేదు. ఆమెను ముందే అడిగాం. తొమ్మిదిన్నర దాకా కోలాటం సాగింది, ఎవరూ తలుపు తట్టలేదు. పాడేవాళ్లు అరవాల్సిన పని లేకపోయింది. మామ్మలు కూడా పాట మాటలు విన్నారు. అప్పుడే మాకు అర్థమైంది: చప్పుడు తగ్గితే తాళం తగ్గదు, వినేవాళ్లు పెరుగుతారు.

ఈ వాద్యం నిన్నమొన్నటిది కాదు. ఇంగ్లండుకు చెందిన సిమన్స్ సంస్థ ఆరు మూలల ప్యాడ్లతో ఎలక్ట్రానిక్ డ్రమ్స్‌ను 1981లో తెచ్చింది. జపాన్ సంస్థ రోలాండ్ 1985లో ఎనిమిది ప్యాడ్ల ఆక్టోప్యాడ్‌ను తెచ్చింది. మన దేశంలో పాటకచేరీలు, భజన మేళాలు, పెళ్లి ఆర్కెస్ట్రాలు దాన్ని సొంతం చేసుకున్నాయి. అదే సంస్థ 1997లో వలలాంటి మెత్తని పొరతో డ్రమ్ కిట్ తెచ్చాక, కర్ర తగిలే చప్పుడు ఇంకా తగ్గింది. పని చేసే తీరు మనం భౌతికశాస్త్రంలో చదువుకునేదే. ప్యాడ్ కింద పీజో బిళ్ల ఉంటుంది. దెబ్బ పడగానే అందులో చిన్న విద్యుత్తు పుడుతుంది. దెబ్బ ఎంత గట్టిదో చూసి, పక్కనున్న పెట్టె దానికి తగిన ధ్వనిని హెడ్‌ఫోన్‌కో స్పీకరుకో పంపుతుంది. మామూలు డ్రమ్ సెట్ దగ్గర కూర్చుంటే 100 డెసిబెల్స్ దాటడం మామూలే. 10 డెసిబెల్స్ పెరిగితే ధ్వని తీవ్రత పది రెట్లు అవుతుందని గుర్తుంచుకుంటే, ఆ అంకె ఎంత పెద్దదో తెలుస్తుంది.

దీన్ని మెచ్చనివారి మాటల్లోనూ నిజముంది. మొదటిది, ఇది పూర్తిగా నిశ్శబ్దం కాదు. కాలితో తొక్కే పెడల్ అదురు నేల గుండా కింది ఇంటికి పోతుంది. మందపాటి రబ్బరు పరుపు వేయాల్సిందే. రెండోది, తోలు మీద చెయ్యి పడితే వచ్చే నాదం వేరు. అంచున ఒకలా, నడుమ ఒకలా పలికే మాందర్‌ను ఒక రబ్బరు ముక్క పూర్తిగా పలికించలేదు. మూడోది, ఇదే యంత్రాన్ని పెద్ద డీజే పెట్టెలకు తగిలిస్తే ఊరి గుండెలు అదురుతాయి. అంటే నెమ్మది యంత్రంలో లేదు, మీట తిప్పే మన చేతిలో ఉంది.

చట్టం చెప్పేదీ ఇదే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లుండే ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. పాఠశాలలు, ఆస్పత్రుల చుట్టూ నిశ్శబ్ద మండలంగా ప్రకటించిన చోట పగలు 50, రాత్రి 40. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. ఈ అంకెలు పోలీసులకే కాదు, కార్యక్రమం పెట్టే పిల్లలకూ తెలిసి ఉండాలి.

నాలుగో అభ్యంతరం మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది. డఫ్డా, గుదుం, మోహరీ వాయించే పల్లె బాజా మేళాలు పెళ్లిళ్లలో ఇప్పటికే డీజేలకు చోటు వదులుకున్నాయి. ఇప్పుడు ఒక మీట నొక్కితే మాందర్ మోగితే, మాందర్ వాయించే కాకాకు పిలుపు ఎక్కడిది? దీనికి మా జవాబు ఒక్కటే. ఎలక్ట్రానిక్ కిట్ సాధన కోసం, ఇరుకు ఇళ్ల కోసం, చిన్న సభల కోసం. మాందర్ వాయించే మనిషి ఊళ్లో ఉండగా ఆయన బదులు మీట నొక్కడం మాకు సమ్మతం కాదు. పాఠశాల వార్షికోత్సవంలో పంథీ ఉంటే ఆ వేదిక మీద మాందర్‌తో ఆయనే కూర్చోవాలి. పాఠశాల మైదానం, పగటి వేళ, ఒక గంట ప్రదర్శన. అక్కడ తోలు నాదం ఎవరికీ బరువు కాదు.

ఇక ఈ కిట్ వల్ల మాకు కలిగిన అసలు మేలు గురించి. మా నలుగురిలో ఒకరు అమ్మాయి. డ్రమ్స్ నేర్చుకుంటానంటే ఇంట్లో ఎవరూ వద్దనలేదు, కానీ వీధి నవ్వుతుందేమోనని ఆమెకే బెరుకు. హెడ్‌ఫోన్ పెట్టుకుని ప్యాడ్ మీద సాధన చేసిన మూడు నెలల్లో ఆమె తప్పులు ఎవరికీ వినపడలేదు. నేర్చుకునే తొలి రోజుల్లో ఇది ఎంత పెద్ద వరమో తప్పులు చేసినవాళ్లకే తెలుసు. ఈ రోజు మాలో తాళం బాగా నిలిపేది ఆమే.

అయితే హెడ్‌ఫోన్ కూడా ఊరికే వదిలే వస్తువు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చు. అదే 90 అయితే వారానికి నాలుగు గంటలే. పక్కింటివారి చెవులను కాపాడి మన చెవులను పోగొట్టుకుంటే అది తెలివి కాదు.

మా ఊళ్లో డ్రమ్స్ నేర్పే గురువు మాకు దొరకలేదు. ఫోనే గురువు. భిలాయి, విశాఖపట్నం, ఖరగ్‌పూర్‌లలో ఉన్న మా ఈడు తెలుగు పిల్లలతో ఒక వాట్సాప్ బృందం ఉంది. కిట్ నుంచి నేరుగా ఫోన్లోకి రికార్డు చేసి పంపుతాం. "ఎడమ చెయ్యి ఆలస్యమవుతోంది", "మూడో ఆవృతంలో పరుగెత్తావు" అని ఒకరికొకరు చెప్పుకుంటాం. ఇంత ఓపికగా వినేవాళ్లు మాకు పక్క వీధిలో దొరకలేదు.

కానీ మా అమ్మాయి మొదటి రికార్డింగ్‌ను ఎవరో మరో గ్రూపులోకి పంపితే, "ఆడపిల్లకు డ్రమ్స్ ఎందుకు" అని ఒక మాట వచ్చింది. ఆమె రెండు నెలలు కర్రలు ముట్టలేదు. ఆ మాట అన్నవారి పేరు కూడా మాకు తెలియదు. అప్పటి నుంచి మా బృందంలో మూడు కట్టుబాట్లు పెట్టుకున్నాం. అడగకుండా ఎవరి రికార్డింగూ బయటికి పంపకూడదు. తప్పు చెప్పే ముందు బాగున్నది ఒకటి చెప్పాలి. వాద్యం గురించి మాట్లాడాలి, మనిషి గురించి కాదు. సభలో పెద్దల ముందు పాటించే మర్యాదే ఫోన్లోనూ పాటిస్తున్నాం.

ఫోను చేయలేనిది ఇంకొకటి ఉంది. గాలిలో ధ్వని పది మీటర్లు వెళ్లడానికి దాదాపు 29 మిల్లీసెకన్లు పడుతుంది. వేదిక మీద వాద్యగాళ్లు అంతకంటే దూరంగా నిలబడితే తాళం లాగుతున్నట్టు అనిపిస్తుంది. వీడియో కాల్‌లో ఆలస్యం దీనికి ఎన్నో రెట్లు. అందుకే భిలాయి నేస్తంతో మేము ఎంత ప్రయత్నించినా కలిసి వాయించలేకపోయాం. నేర్చుకోవడానికి ఫోను చాలు, కలిసి వాయించడానికి ఒక గది కావాలి.

ఆ గదినే మేము అడుగుతున్నాం. మన సంగీతం గదికి ఒక ఎలక్ట్రానిక్ కిట్, నాలుగు హెడ్‌ఫోన్లు, కింద ఒక రబ్బరు పరుపు కావాలి. అన్ని తరగతులకూ వంతులు వేయాలి, అమ్మాయిలకు కూడా సమానంగా. ఏడాదికి రెండుసార్లయినా మాందర్ వాయించే స్థానిక కళాకారుడిని పిలిచి, గౌరవ పారితోషికం ఇచ్చి, నేర్పించమని అడగాలి. మన రాష్ట్రంలోనే ఖైరాగఢ్‌లో 1956 నుంచి సంగీత, లలిత కళల విశ్వవిద్యాలయం ఉంది. ఒక్కసారైనా మనల్ని అక్కడికి తీసుకువెళ్తే, ఈ చదువు ఎంత దూరం వెళ్లగలదో కళ్లారా చూస్తాం.

డబ్బు తక్కువైతే కిట్ చిన్నదైనా ఫరవాలేదు. గది తలుపు మాత్రం తెరిచి ఉంచండి. అప్పుడు పక్క తరగతివారికి లెక్కలు వినపడతాయి, మాకు తాళం వినపడుతుంది. మద్దెలకు ఇక రోలుతో చెప్పుకోవాల్సిన మొర ఉండదు.