శ్రోతయే పోషకుడు

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నది మన సామెత. చెవి సంగతీ అంతే. గజల్ విని కన్ను చెమర్చే పెద్దలున్న ఇంటిలోనే, పిడుగులు పడినట్లు మ్రోగే ఎక్స్‌ట్రీమ్ మెటల్ సంగీతాన్ని ఆరాధించే యువకుడూ వుండవచ్చు. ఆ సంగీతం మంచిదా, చెడ్డదా అన్నది ఈ వ్యాసానికి విషయం కాదు. అది బ్రతుకుతున్న విధానం మాత్రం సాహిత్య విద్యార్థులు గమనింపదగినది.

దానిని పెంచి పోషించినవి ప్రధానంగా చిన్న స్వతంత్ర సంస్థలు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌కు చెందిన ఇయరేక్ సంస్థ 1987లో నేపామ్ డెత్ బృందం వారి ‘స్కమ్’ ఆల్బమును వెలువరించింది. అందులో ఒక పాట నిడివి రెండు సెకన్లయినా లేదు! లాభమే పరమార్థమైన వ్యాపారి ఎవడు అటువంటి దానిపై పెట్టుబడి పెట్టగలడు? జర్మనీలో న్యూక్లియర్ బ్లాస్ట్, అమెరికాలో రిలాప్స్ కూడా ఇట్లే చిన్నగా మొదలైనవి. ముంబయిలో ట్రాన్సెండింగ్ అబ్‌స్క్యూరిటీ ఈ పనే చేస్తున్నది.

నెలకింత చెల్లించి ఎంతైనా వినే సదుపాయం నేడు వున్నది. కాని ఏడాదిలో వేయిసార్లయినా వినబడని పాటకు 2024 నుండి స్పాటిఫై రికార్డింగు రాయల్టీ చెల్లించుట లేదు. చిన్న బృందాలకు ఇది గొడ్డలిపెట్టు. బ్యాండ్‌క్యాంప్‌లో రికార్డో, చొక్కాయో కొన్నచో ఆ సంస్థ నూటికి పది తీసుకొనును; చెల్లింపు ఖర్చులు పోగా మిగిలినది అమ్మిన బృందానికో, సంస్థకో చేరును. బజారులోని నకిలీ చొక్కా వలన వారికి దమ్మిడీ రాదు.

విదేశీ రికార్డుకు తపాలా ఖర్చు, సుంకం కలిస్తే విద్యార్థికి భారమే. అట్టివాడు డిజిటల్ ఆల్బము ఒక్కటి కొన్నా చాలును. మరొక ఆక్షేపణ మతపరమైనది. హైదరాబాదు నుండి వచ్చిన ఒక బృందం పేరే ‘గాడ్‌లెస్’. ఆ పేరు నావంటి విశ్వాసికి రుచింపదు. రుచింపనివాడు వినక మానవచ్చు. విన్నవాడు మాత్రం, చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవక్త బోధను మరువరాదు. అయితే ఇచ్చే చేతికి కన్నులుండవలె. ఈ రంగంలో నాజీ విద్వేషాన్ని చాటే బృందాలూ కొన్ని వున్నవి. మన రూపాయి ఎవరి బలమగునో విచారించుట కొనేవాని ధర్మం.

ఇదంతా దూరదేశపు ముచ్చట కాదు. ముషాయిరాలో ‘వాహ్ వా’ అనేవారు వందలమంది. కవి తన చేతి సొమ్ముతో అచ్చు వేసుకొన్న సంపుటిని కొనేవారు పదిమంది. తెలుగులో చిన్న పత్రికల కథ కూడా ఇదే. పదిమంది మెచ్చే కళను ఆ పదిమందే పోషించాలి, వేరెవ్వరూ రారు. కర్ణకఠోరమైన పాట కోసం కష్టార్జితాన్ని పంపుతున్న ఆ శ్రోతల నుండి ఉర్దూ, తెలుగు పాఠకులమైన మనం నేర్వవలసినది ఇదే. మెచ్చుకోలు మంచిదే, కాని అది కళాకారుని పొయ్యి వెలిగించదు.