రోరో గుట్టలను ఎత్తేదెవరు?

జంషెడ్‌పూర్‌లో సాక్చి సమీపాన ఉన్న కాసిడీహ్ వంటి బస్తీలు ఉక్కు కర్మాగారం నీడలో పెరిగినవి. ఉత్తరాంధ్ర నుంచి వలసవెళ్లిన తెలుగువారు ఆ నగరంలో తరాలుగా నిలదొక్కుకోవడానికి పని దొరకడం ఒక కారణమైతే, పని నేర్పేవారు ఉండటం మరొకటి. అక్కడ 1912లో ఉక్కు ఉత్పత్తి మొదలైతే, 1921 నాటికే సాంకేతిక శిక్షణ సంస్థ వెలిసింది. ఉక్కు తీయాలంటే మనిషికి శిక్షణ కావాలని గ్రహించడానికి యాజమాన్యానికి తొమ్మిదేళ్లు చాలాయి. తవ్వకాల తరువాత మిగిలిన విషాన్ని ఎత్తడానికీ శిక్షణ కావాలన్న ఎరుక మాత్రం మన ప్రభుత్వాలకు ఇంకా కలగవలసే ఉంది.

కాసిడీహ్ నుంచి సుమారు 60 కిలోమీటర్లు వెళితే పశ్చిమ సింగ్‌భూమ్ జిల్లా కేంద్రం చాయిబాసా వస్తుంది. ఆ సమీపంలోని రోరో కొండల్లో ఆస్బెస్టాస్ తవ్విన సంస్థ తెలుగువారికి కొత్తదేమీ కాదు. చార్మినార్ రేకులతో మన ఇళ్ల కప్పులకెక్కిన హైదరాబాద్ ఆస్బెస్టాస్ సిమెంట్ ప్రొడక్ట్స్ అది. 1983లో గని మూతపడింది. క్రోమైట్ రాతితో కలిసిన ఆస్బెస్టాస్ వ్యర్థం సుమారు 7 లక్షల టన్నులు కొండవాలునే మిగిలిపోయిందని అంచనా. వానాకాలంలో అది కిందికి, పొలాల్లోకి జారుతుంది. ఆ ఊళ్లు ప్రధానంగా హో ఆదివాసులవి. ఆస్బెస్టాస్ నూగు ఊపిరితిత్తుల్లో చేరిన దశాబ్దాలకు గానీ జబ్బు బయటపడదు. మూతపడిన గనికి హాజరు పట్టీ ఉండదు గనుక, ఆ జబ్బుకు బాధ్యులను వెతకడం ఇంకా కష్టం.

ఆ గుట్టలను ఎప్పటికైనా తొలగించాలి, లేదా మట్టికప్పి స్థిరపరచాలి. అప్పుడు పార పట్టేదెవరు? మన టెండర్ల ఆనవాయితీ తెలిసినవారికి జవాబు తెలిసినదే. నగరం నుంచి కాంట్రాక్టరు వస్తాడు, రోజుకూలీకి అదే ఊరివాళ్లను పిలుస్తాడు. మూతికి తువ్వాలు చుట్టుకొని వాళ్లు పనిలోకి దిగుతారు.

అమెరికాలో 1980లో సూపర్‌ఫండ్ చట్టం వచ్చాక ఇదే ప్రశ్న తలెత్తింది. విషవ్యర్థాల స్థలంలో పనిచేసే కార్మికుడికి సాధారణంగా 40 గంటల శిక్షణ, ఆపై మూడు రోజులు పర్యవేక్షణలో క్షేత్రానుభవం ఉండాలని అక్కడి నిబంధన. కాలుష్యం బారినపడిన బస్తీల నిరుద్యోగులకే ఈ శిక్షణ ఇచ్చి, శుద్ధి పనుల్లో కుదిర్చే పథకాలు 1990లలో మొదలయ్యాయి. అక్కడ అంతా సవ్యంగా సాగిందని కాదు. పని విషమయమైనదైతే శిక్షణ దయాధర్మం కాదని చట్టం ఒప్పుకోవడం ముఖ్యం.

మన దగ్గర డబ్బు లేదనడానికి వీల్లేదు. 2015 చట్ట సవరణతో జిల్లా ఖనిజ నిధులు ఏర్పడ్డాయి. పాత లీజుల రాయల్టీపై 30 శాతం, వేలంలో ఇచ్చిన లీజులపై 10 శాతం గనుల ప్రభావిత ప్రజలకు చేరాలి. ఇనుప ఖనిజం పుణ్యమా అని పశ్చిమ సింగ్‌భూమ్ నిధి రాష్ట్రంలోనే పెద్దవాటిలో ఒకటి. ఆ నిధుల ప్రాధాన్య జాబితాలో కాలుష్య నియంత్రణ ఒక పద్దు, నైపుణ్యాభివృద్ధి మరో పద్దు. రెండూ ఒకే కాగితం మీదున్నాయి. కలిపి చదివేవారే కరవు. జార్ఖండ్‌లో తొలి ఏళ్ల ఖర్చు చాలావరకు తాగునీటికి, మరుగుదొడ్లకు వెళ్లింది. అవి అవసరమే, పైగా శిలాఫలకం వేసుకోవడానికి అనువైనవి. గుట్ట తొలగించిన చోట శిలాఫలకం ఎక్కడ నిలబెడతారు?

ఇక కేంద్రం సంగతి. కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలను 2025 జూలైలో ప్రకటించి, గనుల తవ్వకంతో వచ్చే కాలుష్యాన్ని వేరే చట్టాల కిందిదంటూ సాధారణంగా వాటి పరిధి బయటే ఉంచింది. నాలుగు దశాబ్దాలుగా ఆ వేరే చట్టాలు రోరోను ఏ మేరకు శుద్ధి చేశాయో చాయిబాసా వెళ్లి చూడవచ్చు.

విషం మింగినవాళ్ల చేతనే విషం ఎత్తించడం ఏమి న్యాయమని కొందరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. ఈ దేశంలో మురికిపని ఎవరి నెత్తిన పడుతుందో కులం, ఆదివాసీత్వం ముందే తేల్చేస్తాయి. కానీ స్థానికులను తప్పించి వేరే జిల్లా కూలీలను దించితే న్యాయం జరగదు, బాధితులు మారతారంతే. ముసుగు, దుస్తులు, తడిపి తవ్వే పద్ధతి, నిపుణ కార్మికుడి వేతనం, నచ్చకపోతే కాదనే హక్కు: ఇవన్నీ ఉంటేనే దాన్ని శిక్షణ అనాలి. నేర్పేవారికీ కొదవ లేదు. భద్రతా విభాగాల్లో పనిచేసి విరమించినవారు ఉక్కు నగరంలోనే ఉంటారు.

ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య వివరాలను పనిలో చేరిననాటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానిన తరువాత 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని సుప్రీంకోర్టు 1995లోనే ఆదేశించింది. రోరోలో రేపు పనిలో చేరే ఇరవై ఏళ్ల యువకుడి రిజిస్టరు అతనికి కనీసం అరవై వచ్చేదాకా ఉండాలి. కాంట్రాక్టరు బిల్లు తీసుకొని వెళ్లిపోయాక అది ఎవరి బీరువాలో ఉంటుందో టెండరు పత్రంలోనే రాయాలి.