కమోడ్ కొత్తది సరే, కింద ట్యాంకు సంగతి?

ఈసారీ పొడుగ్గానే రాస్తున్నాం, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

మన బళ్ళారిలో ఏ వీధిలో చూసినా బాత్‌రూం పనులే. మోకాళ్ళు వంగని వయసులో పాత ఇండియన్ బేసిన్ పీకించి కమోడ్ పెట్టించుకోవడం అవసరమే. మేమూ పెట్టిస్తున్నాం. కానీ మన మాటలన్నీ ఎక్కడ ఆగిపోతున్నాయి? టైల్స్ ఏ రంగు, కమోడ్ గోడకు బిగించేదా నేలకు బిగించేదా, సీటు మెల్లగా దిగుతుందా. దాని వెనక నాలుగంగుళాల పైపు ఎక్కడికి పోతుందని అడిగితే చాలామంది బేల్దారి మొహం చూస్తారు. వీధిలోకి యూజీడీ లైను వచ్చినా కనెక్షన్ తీసుకోనివాళ్ళు మనలోనే ఉన్నారు. ట్యాంకు మూత మీద టైల్స్ పరిచి, దాని మీద కారు నిలిపినవాళ్ళూ ఉన్నారు.

సెప్టిక్ ట్యాంకును రెండు మూడేళ్ళకోసారి ఖాళీ చేయించాలి. అడుగున మడ్డి పేరుకుంటే, అది ఇంకుడు గుంతలోకి పోయి దాన్నీ పూడ్చేస్తుంది. ఆ తర్వాత కొత్త కమోడ్‌లో నీళ్ళు బుడబుడమని పైకొస్తాయి, మనం కంపెనీని తిడతాం. డబుల్ ఫ్లష్ తొట్టి చిన్న బటన్‌కు 3 లీటర్లు, పెద్ద బటన్‌కు 6 లీటర్లు వదులుతుంది. పాత తొట్టి ఒక్కసారికే 10 లీటర్లు పోసేది. కుళాయి రోజూ రాని ఊరికి కొత్తదే మంచిది. కానీ తక్కువ నీళ్ళతో అంతా కొట్టుకుపోవాలంటే పైపుకు సరైన వాలు ఉండాలి. కమోడ్ మార్చి, పాత వంకర పైపును అలాగే వదిలేస్తే ఆ ఖర్చంతా దండగ.

సరే, అడ్డం పడింది, ట్యాంకు నిండింది. అప్పుడు ఎవర్ని పిలుస్తాం? ఇదీ అసలు సంగతి. మా ఇంటి పనిలో ప్లంబరు ఏమన్నాడంటే, "లారీ ఎందుకు సార్, మనుషులున్నారు, రాత్రి వచ్చి దిగి తీసేస్తారు, సగం డబ్బుకే అయిపోతుంది." పక్కనున్న మన సభ్యులొకరు "చవకే కదా" అన్నారు.

చవక కాదండీ, నేరం. మనిషిని రక్షణ లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి దించడం 2013 చట్టం ప్రకారం నిషేధం. మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. కాంట్రాక్టరు దించాడు, నాకేం సంబంధం అంటే కుదరదు. నేరుగా పిలిపించినా, ఇంకొకరి చేత పిలిపించినా చట్టం ఒకటే. ట్యాంకులో కుళ్ళిన కోడిగుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. అది ఎక్కువైతే ముక్కే పనిచెయ్యదు. వాసన లేదు కదా అని దిగిన మనిషి కొన్ని ఊపిరులకే పడిపోతాడు, తీయబోయి దిగిన రెండో మనిషీ పడిపోతాడు. చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. సగం డబ్బు మిగిలిందని సంతోషించేవాళ్ళు ఈ లెక్క కూడా వేసుకోండి.

"వాళ్ళే పని అడుగుతున్నారు" అనే జవాబు మాకు తెలుసు. ఎప్పుడూ ఆ ఒకటి రెండు కులాలవాళ్ళే ఎందుకు అడుగుతున్నారో చెప్పండి మరి. కర్ణాటకలో, ముఖ్యంగా బెంగళూరులో, పౌరకార్మికుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. మనం ఉగాదికి తెలుగు పద్యాల పోటీ పెట్టి కప్పులిస్తాం. ఆ తెలుగువాళ్ళను ఏ ఉగాదికి పిలిచాం? ఈ పని మాన్పించడానికి ఉద్యమం నడిపి, 2016లో మెగసెసే అందుకున్న బెజవాడ విల్సన్ పుట్టింది మన కర్ణాటకలోనే, కోలారు బంగారు గనుల ఊళ్ళో. మన సభల్లో ఆ పేరు ఎవరూ ఎత్తగా మేము వినలేదు.

మేము చదివింది తమిళ మీడియం. అక్కడ కక్కూస్ అంటారు, తెలుగులో కక్కసు అంటారు, మాట డచ్చివాళ్ళది. 2017లో దివ్యభారతి అదే పేరుతో తమిళంలో డాక్యుమెంటరీ తీశారు. భోజనానికి ముందు చూడలేరు, కానీ చూడండి.

లారీ మా సందులోకి రాదంటారు. గొట్టం వస్తుంది కదా! ట్రాక్టరుకు బిగించిన చిన్న ట్యాంకర్లూ ఉన్నాయి. బోగీల్లోంచి పట్టాల మీద పడేదాన్ని ఎవరు కడిగేవాళ్ళో మేము రైల్వే ఉద్యోగంలో చూశాం. అంత పెద్ద రైల్వేనే డీఆర్‌డీవోతో కలిసి బోగీల కింద బయో టాయిలెట్లు బిగించుకుంది. మనం ఒక్క ట్యాంకుకు యంత్రం తెప్పించలేమా?

వచ్చే సర్వసభ్య సమావేశంలో మేము తీర్మానం పెడుతున్నాం. బాత్‌రూం పని మొదలుపెట్టే ప్రతి సభ్యుడూ ముందు ట్యాంకు మూత తీసేలా చేసి, యంత్రంతో ఖాళీ చేయించాలి. వీధిలో నాలుగిళ్ళు కలిసి ఒకేరోజు ట్యాంకరు పిలిస్తే ఖర్చు తగ్గేలా మాట్లాడే బాధ్యత సంఘం తీసుకోవాలి. మనిషిని దించే కాంట్రాక్టరుకు మన సభ్యులెవరూ పని ఇవ్వకూడదు. కాదనేవాళ్ళు సమావేశానికి వచ్చి లేచి చెప్పండి. ఇక్కడ బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకోవద్దు.