ఏ నేల మీద బతికితే ఆ జెర్సీ

2024 జూన్ 12, టీ20 ప్రపంచ కప్‌లో ఇండియా, అమెరికా మ్యాచ్. న్యూయార్క్ శివార్లలోని నాసో కౌంటీ మైదానంలో విరాట్ కోహ్లి ఎదుర్కొన్న మొదటి బంతికే కీపర్‌కు క్యాచ్ ఇచ్చి వెనుదిరిగాడు. ఆ బంతి వేసిన ఎడంచేతి వాటం పేసర్ సౌరభ్ నేత్రావల్కర్ ముంబైలో పుట్టి పెరిగినవాడు. మూడు పరుగులకే రోహిత్ శర్మనూ అతనే పంపేశాడు. ఆ క్యాచ్ పట్టిన హర్మీత్ సింగ్‌ కూడా ముంబై కుర్రాడే. చివరికి మ్యాచ్ ఏడు వికెట్ల తేడాతో ఇండియాదే. అయినా ఆ రాత్రి కొందరికి గెలుపు రుచించలేదు. ‘ఇక్కడ ఆట నేర్చుకుని అక్కడికి ఆడతారా, తిన్నింటి వాసాలు లెక్కపెడతారా’ అని ఒకటే సణుగుడు.

సరిగ్గా ఆరు రోజుల ముందు డల్లాస్ దగ్గర ఇదే నేత్రావల్కర్ పాకిస్తాన్‌పై సూపర్ ఓవర్ వేశాడు. పద్దెనిమిది పరుగులు కాపాడాల్సిన చోట పదమూడే ఇచ్చి అమెరికాను గెలిపించాడు. ఆ రోజు మాత్రం అతను ‘మనోడు’. జెర్సీ అదే, జెండా అదే, చెయ్యి అదే. మారింది ఎదుటి జట్టు ఒక్కటే. కాబట్టి ఈ కోపాన్ని దేశభక్తి అనడం కుదరదు. పాకిస్తాన్ ఓడితే చప్పట్లు, మనం రెండు వికెట్లు కోల్పోతే శాపనార్థాలు. దీన్ని సిద్ధాంతం స్థాయికి ఎత్తి, వలస వెళ్లిన ఆటగాళ్లకు నీతులు చెప్పడం మరీ విడ్డూరం.

ఈ వాదమంతా రుణం అనే మాట మీద నిలబడింది: దేశం పెంచింది, కాబట్టి ఆట దేశానిదే. ఆ లెక్కన నేత్రావల్కర్ ఇంజనీరింగ్ చదువూ దేశానిదే కదా? అతను 2015లో కార్నెల్‌కు మాస్టర్స్ చేయడానికి వెళ్లి, ఆ తర్వాత ఒరాకిల్‌లో ఇంజనీరుగా చేరాడు. అతను రాసిన కోడ్ అమెరికా కంపెనీకి లాభం తెస్తే ఎవరూ ద్రోహం అనరు. పైగా మన ఊళ్లలో అలాంటి అబ్బాయికి పెళ్లి సంబంధాలు క్యూ కడతాయి. బుర్ర అమ్ముకుంటే గర్వం, బంతి వేస్తే ద్రోహమా?

ఇంతకీ అతనికి ఇక్కడ దక్కిందేమిటి? 2010లో అండర్-19 ప్రపంచ కప్‌లో భారత్‌కు ఆడాడు. ముంబై తరఫున అతనికి దొరికింది ఒకే ఒక్క రంజీ మ్యాచ్. తప్పు సెలెక్టర్లదని అనను. నూట నలభై కోట్ల మందిలోంచి పదకొండు మందినే దింపాలి, ఆ లెక్క ఎవరికైనా కఠినమే. ఉన్ముక్త్ చంద్ సంగతి ఇంకా చేదు. 2012లో అండర్-19 కెప్టెన్‌గా ఫైనల్లో ఆస్ట్రేలియాపై అజేయ శతకం కొట్టి కప్పు తెచ్చాడు. సీనియర్ జట్టులో ఒక్క మ్యాచూ రాలేదు. బయటి లీగుల్లో ఆడదామంటే ఇక్కడ ఆడుతున్న పురుష ఆటగాళ్లెవరినీ బోర్డు పంపదు. చివరికి 2021లో, ఇరవై ఎనిమిదేళ్లకే, భారత క్రికెట్ నుంచి రిటైరై అమెరికా దారి పట్టాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అంటే ఇదే. పైగా తిట్లు కూడా అతనికేనా?

ఇక రాబిన్ సింగ్‌ను గుర్తు చేసుకుందాం. తొంభైల చివర్లో క్రికెట్ చూసినవాళ్లెవరూ మరిచిపోని పేరు. ఆరో నంబరులోనో ఏడో నంబరులోనో వచ్చి, వికెట్ల మధ్య ప్రాణం పెట్టి పరుగెత్తి, పాయింట్‌లో గద్దలా దూకినవాడు. పుట్టింది, పెరిగింది ట్రినిడాడ్‌లో. చదువుకోసం మద్రాసు వచ్చి, తమిళనాడుకు ఆడి, భారత పౌరసత్వం తీసుకున్నాడు. 1989 మార్చిలో తొలి వన్డే ఆడింది ఎక్కడో తెలుసా? ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోనే, అదీ వెస్టిండీస్ మీదే. పుట్టిన దీవిలో, పుట్టిన నేల జట్టుకు ఎదురు నిలిచాడు. అతన్ని అప్పుడు మనం ఏమన్నాం? ఏమీ అనలేదు. మన రాబిన్ అన్నాం. భారత్‌కు అతను 136 వన్డేలు ఆడితే ప్రతి పరుగునూ మన ఖాతాలోనే వేసుకున్నాం. వచ్చినవాడు మనవాడైతే, వెళ్లినవాడు వాళ్లవాడు కాకుండా ఎలా పోతాడు?

(ఆ మాటకొస్తే మన దేశవాళీ క్రికెట్‌కు తలమానికమైన ట్రోఫీకి పేరిచ్చిన రంజిత్‌సింహ్‌జీ టెస్టులు ఆడిందంతా ఇంగ్లండ్‌కే. అప్పట్లో మనకు టెస్టు జట్టు లేదు, నిజమే.)

తెలుగువాళ్లకు ఈ గొడవ ఇంకా దగ్గరిది. 2023లో జరిగిన మొదటి అండర్-19 మహిళల టీ20 ప్రపంచ కప్‌లో భద్రాచలం త్రిష, విశాఖ షబ్నమ్ భారత జట్టులో ఉన్నారు. అమెరికా జట్టు కెప్టెన్ కొడాలి గీతిక. ఆ జట్టు జాబితాలో ముళ్లపూడి, భద్రిరాజు, కొలన్ వంటి ఇంటిపేర్లూ కనిపించాయి. వెంటనే ‘హెచ్1బీ టీమ్’ అని జోకులు. ఆ అమ్మాయిలు ఇండియాకు ఆడొచ్చుగా అన్న పెద్దమనుషులూ లేకపోలేదు. ఆడనిచ్చేదెవరు? మనకు ద్వంద్వ పౌరసత్వం లేదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లే భారత్‌కు ఆడాలని క్రీడా మంత్రిత్వ శాఖ 2008 చివర్లో తేల్చేసింది. అప్పటిదాకా డేవిస్ కప్‌లో మనకు ఆడిన ప్రకాశ్ అమృత్‌రాజ్‌కు, అమెరికా పౌరుడు కావడంతో, ఆ దారి మూసుకుపోయింది. తలుపు మనమే మూసి, లోపలికి రాలేదేమని నిలదీయడం న్యాయమా?

1990లో బ్రిటన్‌లో నార్మన్ టెబిట్ అనే కన్సర్వేటివ్ నాయకుడు ఒక పరీక్ష పెట్టాడు. ఆసియా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు క్రికెట్‌లో ఎవరికి కేకలు వేస్తారో చూస్తే చాలు, వాళ్ల విధేయత తెలిసిపోతుందన్నాడు. అది జాత్యహంకారమని మనవాళ్లు మండిపడ్డారు, సబబే. ఇప్పుడు ఆ పరీక్ష పేపరునే మనం తిరగేసి పంచుతున్నాం.

అవతలి పక్షానికి ఒక్క బలమైన మాట ఉంది. కెన్యాలో స్టీఫెన్ చెరొనోగా పుట్టిన స్టీపుల్‌చేజ్ పరుగువీరుడు 2003లో ఖతార్‌కు మారి, సైఫ్ సయీద్ షహీన్ అయి, ఆ ఏడాదే ప్రపంచ ఛాంపియన్‌షిప్ స్వర్ణం ఖతార్‌కు తెచ్చాడు. అది వలస కాదు, బేరం. కెన్యా ఒప్పుకోకపోవడంతో 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ అతనికి దక్కలేదు, దానికి నేనేమీ బాధపడను. ఇలాంటి బేరాలు మితిమీరాకే అథ్లెటిక్స్ సమాఖ్య 2017లో దేశమార్పిడులు ఆపేసి, మరుసటి ఏడాది మూడేళ్ల నిరీక్షణ నిబంధనతో మళ్లీ మొదలుపెట్టింది. ఆ అడ్డుకట్ట ఉండాల్సిందే. కానీ పదిహేనేళ్ల వయసులో శరణార్థిగా ఇథియోపియా నుంచి నెదర్లాండ్స్ చేరి, అక్కడే పరుగులో రాటుదేలి, 2024 పారిస్‌లో మారథాన్ గెలిచిన సిఫాన్ హసన్‌నూ షహీన్‌నూ ఒకే గాటన కట్టడం కుదరదు. ఆమె పతకం నెదర్లాండ్స్‌ది కాక మరెవరిది?

అసలు కోపం తెచ్చుకోదగ్గ విషయం ఇంకొకటుంది. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో క్రికెట్ ఉంది. ఐసీసీ నిబంధనల ప్రకారం ఒక దేశ జట్టుకు ఆడడానికి మూడేళ్ల నివాసం చాలు, ఒలింపిక్స్‌కు మాత్రం పౌరసత్వం తప్పనిసరి. భారతీయులకు ఉద్యోగాల కోటాలో గ్రీన్‌కార్డు వరుస ఏళ్లూ పూళ్లూ సాగుతుంది, పౌరసత్వం ఆ తర్వాతి మాట. అంటే అక్కడ ఇల్లు కొని, పన్ను కట్టి, శనాదివారాలు నెట్స్‌లో చెమటోడ్చి, అమెరికా జెర్సీలో ప్రపంచ కప్ కూడా ఆడేసినవాడు, కాగితం రాలేదన్న ఒక్క కారణంతో సొంత ఊళ్లో జరిగే ఒలింపిక్స్‌ను టీవీలో చూడాల్సి రావచ్చు. అతన్ని ఇండియాకు ఆడలేదేమని అడిగేవాళ్లు వేలమంది. అమెరికాకు ఎందుకు ఆడనివ్వరని అడిగేవాడు ఒక్కడూ కనిపించడం లేదు.