ర్యామ్ కొనే ముందు సీపీయూ మూత తీయండి!

నల్గొండలో ఓ చిరుద్యోగి. కూతురు బీకాం కంప్యూటర్స్ చదువుతోంది. ఇంట్లోని పాత డెస్క్‌టాప్‌లో ట్యాలీ తెరిచి, పక్కనే బ్రౌజర్‌లో నాలుగు పేజీలు తెరిస్తే చాలు... మౌస్ కదలదు. 'ర్యామ్ పెంచితే సరి' అన్నారెవరో. ఆయన సెలవు పెట్టి, బస్సెక్కి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లారు. 'ఎనిమిది జీబీ ర్యామ్ ఇవ్వండి' అన్నారు. ఏ కంప్యూటర్‌కని కొట్టువాడు అడగలేదు, ఈయనా చెప్పలేదు.

ఇంటికొచ్చి పెట్టబోతే అది స్లాటులో కూర్చోదు. గట్టిగా నొక్కబోతుంటే 'నాన్నా, ఆగు... గాటు కలవడం లేదు' అంటూ కూతురు చెయ్యి పట్టుకుంది. మదర్‌బోర్డు బతికిపోయింది. 'కవరు చించితే వాపసు లేదు' అని బిల్లు మీద ఉన్న ముక్క మాత్రం అప్పుడు కనిపించింది. ఆయన కొన్నది డీడీఆర్4. ఆయన కంప్యూటర్‌కి కావాల్సింది డీడీఆర్3. పాదం కొలత చూసుకోకుండా చెప్పులు కొన్నట్టయింది.

తరం కలవాలి

డీడీఆర్2, డీడీఆర్3... రెండింటికీ 240 పిన్నులే. డీడీఆర్4, డీడీఆర్5... రెండింటికీ 288. లెక్క కలిసింది కదా అని ఒకదాని చోట మరొకటి పట్టదు. అడుగు అంచున ఉండే గాటు ఒక్కో తరానికి ఒక్కో చోట ఉంటుంది. అది ఊరికే పెట్టింది కాదు. డీడీఆర్2కి 1.8 వోల్టులు, డీడీఆర్3కి 1.5, డీడీఆర్4కి 1.2, డీడీఆర్5కి 1.1 వోల్టులు కావాలి. పొరపాటున వేరే తరం ర్యామ్ ఎక్కించకుండా ఆ గాటే కాపలా. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిగా ఉంటుంది. అది డెస్క్‌టాప్ స్లాటుకి పనికిరాదు.

మీ దగ్గరున్నది ఏ తరమో తెలియాలంటే ర్యామ్ మీది స్టిక్కర్ చూడండి. పీసీ3 అని మొదలైతే డీడీఆర్3, పీసీ4 అంటే డీడీఆర్4. మూత తీయడం ఇష్టం లేకపోతే సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. ర్యామ్ రకం, వేగం, మదర్‌బోర్డు మోడల్ అన్నీ చూపిస్తుంది. విండోస్ 10లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కితే ఎన్ని స్లాట్లు నిండాయో కూడా తెలుస్తుంది.

ఎంత పడుతుంది?

ప్రతి మదర్‌బోర్డుకీ ఓ హద్దు ఉంటుంది. ఉదాహరణకి హెచ్61 చిప్‌సెట్ బోర్డుల్లో సాధారణంగా రెండే స్లాట్లు. మొత్తం 16 జీబీకి మించి పట్టదు. మోడల్ నంబరుతో తయారీ కంపెనీ వెబ్‌సైట్‌లో మాన్యువల్ వెతికితే ఈ హద్దు ఎంతో ఉంటుంది.

ఇంకో మెలిక. మీ విండోస్ 10 గానీ, 7 గానీ 32 బిట్‌దైతే 4 జీబీకి మించి వాడుకోలేదు. ఎనిమిది పెట్టినా మిగతాది దండగే. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిచి 64 బిట్ అవునో కాదో ముందే చూసుకోండి.

వేగంలో తేడా ఉంటే కంగారు పడక్కర్లేదు. 1333, 1600 కలిపి పెడితే సాధారణంగా రెండూ 1333తోనే నడుస్తాయి. అయితే ఒకే సామర్థ్యం ఉన్న జత పెడితే మంచిది. రెండు చానళ్లూ కలిసి పనిచేసి వేగం పెరుగుతుంది.

చవకని మోసపోవద్దు

సర్వర్ల నుంచి తీసిన రిజిస్టర్డ్ ర్యామ్‌లు తక్కువ ధరకి దొరుకుతాయి. మామూలు డెస్క్‌టాప్‌లలో అవి పనిచేయవు. 'ఏఎండీకి మాత్రమే' అని రాసిన డీడీఆర్3 ర్యామ్ ఇంటెల్ కంప్యూటర్‌కి కొనొద్దు. సెకండ్‌హ్యాండ్‌ది కొంటే మెమ్‌టెస్ట్86తో ఓ రాత్రంతా పరీక్షించండి. ఒక్క తప్పు చూపించినా తిరిగిచ్చేయండి. ఈ షరతు కొనేటప్పుడే మాట్లాడుకోవాలి.

బిగించేటప్పుడు ప్లగ్ తీసేయండి. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఓసారి ముట్టుకుని, ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోయాక ర్యామ్‌ని అంచులు పట్టుకుని తీయండి. గాటు సరిచూసి, రెండు చివర్లూ సమానంగా నొక్కితే క్లిప్పులు టక్కుమని పడతాయి. ఆన్ చేశాక బీప్ బీప్ అని అరిచి తెర వెలగకపోతే, మళ్లీ ప్లగ్ తీసి ర్యామ్‌ని మరోసారి సరిగా కూర్చోబెట్టండి.

అసలు ర్యామ్ జబ్బేనా?

కంప్యూటర్ నెమ్మదించినప్పుడు టాస్క్ మేనేజర్ చూడండి. మెమరీ తొంభై శాతం దాటితే ర్యామ్ కొనండి. మెమరీ సగం ఖాళీగా ఉండి డిస్క్ వంద శాతం చూపిస్తుంటే మందు వేరే... పాత హార్డ్‌డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ. ఇంకో సంగతి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్ రెండో తరం, మూడో తరం ప్రాసెసర్లు విండోస్ 11 అర్హుల జాబితాలో లేవు. ర్యామ్ ఎంత పెంచినా ఆ అర్హత రాదు. అలాంటి పాత యంత్రం మీద ఎంత ఖర్చు పెట్టాలో ముందే లెక్క వేసుకోవాలి.

నల్గొండ నాన్న వారం తర్వాత మళ్లీ వెళ్లారు. ఈసారి జేబులో పాత 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, చీటీ మీద మదర్‌బోర్డు నంబరు. సరిగ్గా అలాంటిదే ఇంకొకటి తెచ్చారు. ట్యాలీ, బ్రౌజర్ పక్కపక్కనే హాయిగా నడుస్తున్నాయి. మొదట కొన్న డీడీఆర్4 ఎదురింటి కుర్రాడి కంప్యూటర్‌కి సరిపోయింది, డబ్బూ చేతికొచ్చింది. ప్రతిసారీ అలా ఎదురింట్లో గిరాకీ దొరకదు కదా!