పేరంటానికి పనికిరాని ముసలమ్మ

మన కథల్లో ముసలమ్మ ఎప్పుడూ గుమ్మంలోనే కూర్చుని వుంటుంది. కొడుకు వుత్తరం రాయలేదు, కోడలు అన్నం పెట్టలేదు, అంతే ఆమె కథ. అభ్యుదయ కథకులమని చెప్పుకునేవారు కూడా చాలామంది యీ గుమ్మం దాటలేదు. ఆ కథలనే తరగతిలో గొంతు బొంగురుపోయేలా చదివినవాణ్ణి నేను. ఆమెకు వొక నేస్తం వుంటుందనీ, ఆ నేస్తాన్ని చూసి పదేళ్ళయిందనీ మనకెందుకు తోచలేదు?

తోచదు. ఆడదాని స్నేహాన్ని మన సమాజం ఏనాడు లెక్కలోకి తీసుకుంది గనుక! పెళ్ళి పేరిట మొదటిసారి తెంచి వేరే వూరికి పంపింది. అక్కడ ఆమెకు మిగిలింది పేరంటం. పసుపు కుంకుమల సంగతి అలా వుంచండి, నలుగురు ఆడవాళ్ళు మగవాళ్ళ అజమాయిషీ లేకుండా మాట్లాడుకునే వీలు అక్కడే దొరికేది. భర్త పోయిననాడు ఆ వీలూ పోయింది. తోడు ఎక్కువ కావలసిన వయస్సులోనే తలుపు మూశారు. కూలి ఆడవాళ్ళకు నాట్ల ముఠాయే పేరంటం. నడుము వంగగానే పనితోపాటు నేస్తాలూ పోయారు. వీరేశలింగం 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించారు. మహత్కార్యమే. కాని అరవయ్యేళ్ళ వితంతువు ముందుగా కోరేది పెళ్ళికొడుకును కాదు, పక్కన కూర్చునే మరొక ఆడమనిషిని. మగవాడికి రచ్చబండ వుంది, టీకొట్టు వుంది, పింఛనుదార్ల సంఘం వుంది.

వయోవృద్ధుల పోషణకు 2007లో చేసిన చట్టం పోషణ అంటే తిండి, బట్ట, నివాసం, వైద్యం అన్నది. మంచిదే. పశువుకైనా యివే కదా!

తెలంగాణాలో 2023 డిసెంబరులో, ఆంధ్రలో 2025 ఆగస్టులో ఆడవాళ్ళకు బస్సు ప్రయాణం వుచితమయింది. "పనిలేని ముసలమ్మలు బస్సులు నింపేస్తున్నారు" అని వొక అధ్యాపక మిత్రుడు, మనవాడే, ఎగతాళి చేశాడు. పనిలేనివాళ్ళట! ఆ మాటలో ఎంత భూస్వామ్యం దాగివుందో ఆయన గమనించలేదు. మా అమ్మ ఆ జీరో టికెట్టు మీదనే, తనతో నాట్లు వేసిన నేస్తాన్ని చూసివచ్చింది. అంతకుముందు ఛార్జీకి నన్నడగవలసి వచ్చేది. అడిగితే "యిప్పుడెందుకమ్మా" అనేవాణ్ణి.

మన సంఘాల సభలు సాయంత్రం ఆరింటికి, మేడమీద. ఆ వేళకు ఆమె మనవళ్ళకు అన్నం కలుపుతూ వుంటుంది. మోకాళ్ళు మేడ ఎక్కవు. మధ్యాహ్నం రెండింటికి కింది గదిలో, వుపన్యాసం లేకుండా, కులమూ ముత్తైదువతనమూ అడక్కుండా చాప పరచండి. టీ మనమే కాచి పోద్దాం.

మా అమ్మ వస్తానంది. నేస్తాన్ని కూడా పిలుస్తుందట. ఆమె వూరికి ఆఖరి బస్సు అయిదున్నరకు కనుక, మమ్మల్ని ఎక్కువ మాట్లాడొద్దంది.